పన్నెండు గడుల్లో ఒకే సినిమా

ప్రశ్న: మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. మా వీధిలో సినిమా పిచ్చి ఉన్నవాళ్లం ఒక జట్టుగా ఉన్నాం. నెలకోసారి ఎవరో ఒకరి మేడ మీద ప్రొజెక్టర్ పెట్టుకుని సినిమా చూస్తాం. ఈసారి ఎవరి జాబితా వాళ్లు రాసి, జిరాక్స్ తీయించి అందరికీ పంచాలనుకున్నాం. షీట్‌లో పన్నెండు గడులున్నాయి: ప్రేమకథ, దర్శకుడి తొలి సినిమా, కొత్త నటులు, వైజాగ్ సినిమా, మాటలు–యాస, సంగీతం, కామెడీ, కుటుంబం, సమాజం, ఎక్కువ కథలున్న సినిమా, మంచి మలుపు, థ్రిల్లర్. ఒక్కో గడిలో ఐదు సినిమాలు రాయాలి. నాకు 'కేరాఫ్ కంచరపాలెం' అంటే ప్రాణం. రాసుకుంటూ పోతే పదకొండు గడుల్లో అదే పడింది. థ్రిల్లర్ ఒక్కటే మిగిలింది, దానికీ దారి ఉంటే చెప్పండి. మా బావ నా షీటు చూసి అందరి ముందూ "ఏటిరా, బతుకులో నువ్వు చూసింది ఒక్క సినిమాయేనేటి?" అన్నాడు. నేను అబద్ధం ఏమీ రాయలేదు. ప్రతి గడికీ నా దగ్గర కారణం ఉంది. ఇంకా కావాలంటే 'నడివయసు ప్రేమ' అని పదమూడో గడి పెట్టమని అడుగుదామనుకుంటున్నాను. ఇలా రాయడం తప్పా? బావకి ఏం చెప్పాలి? ఈ సినిమా తమిళ రీమేక్‌ని వేరే సినిమాగా లెక్కేసి రాయొచ్చా? వచ్చే ఆదివారం షీట్లు ఇచ్చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. తాను వలచింది రంభ, తాను మునిగింది గంగ అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇష్టమైన సినిమా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అది తప్పేమీ కాదు. మీ బావగారిని కూడా ఏమీ అనకండి. ఆయన షీటు తెప్పించి చూస్తే అందులోనూ ఏదో ఒక హీరోగారు ఆరేడు గడుల్లో తిష్ట వేసుకుని ఉంటారని నా అనుమానం.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు వేరే సంగతి తోచింది. మీరు రాసిన పన్నెండు గడులూ మళ్లీ ఒకసారి చూడండి. 'ఎందుకో చెప్పలేను గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి' అనే గడి ఒక్కటి కూడా లేదు. ప్రతి గడీ కారణం అడుగుతోంది. మీకేమో కారణం కన్నా ఇష్టం ఎక్కువ. దానికంటూ చోటు లేక, దొరికిన చోటల్లా దూరింది. అందుకని పదమూడో గడి అడగదలిస్తే 'నడివయసు ప్రేమ' కోసం కాదు, దీనికోసం అడగండి. లండన్ నుంచి వచ్చే 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి నడిపే ఓటింగ్‌లో ఉన్నది దాదాపు ఈ గడే. ఓటేసేవాళ్లు పది సినిమాల పేర్లు ఇస్తారు. గొప్ప సినిమా అంటే ఏమిటన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. 1962 నుంచి 2002 దాకా ప్రతిసారీ విమర్శకుల ఓట్లలో మొదట నిలిచిన 'సిటిజన్ కేన్' 2012లో 'వెర్టిగో'కి చోటిచ్చింది. 2022లో 'జాన్ డీల్మన్' అనే సినిమా మొదటికొచ్చింది. సినిమాలు అవే, ఓటేసే మనుషులు మారారు, పెరిగారు. మీ జట్టులోనూ అలాంటి గడి ఒకటి పెడితే అందులో కంచరపాలెం పేరు ధైర్యంగా మొదట రాసుకోండి. ఎవరూ కారణం అడగరు, మీరూ చెప్పక్కర్లేదు.

ఆ పని అయ్యాక మిగతా గడుల సంగతి చూద్దాం. మీరు "ప్రతి గడికీ కారణం ఉంది" అన్నారు. నిజమే, ఉంటుంది. కానీ మంచి సినిమా కావాలంటే ఏ గడిలోనైనా ఇరుకుతుంది. సింహాచలం వెళ్లే బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా ఇంకొకరు ఎక్కడం లేదూ? అసలు ప్రశ్న ఎవరిని లేపి కూర్చోబెట్టారన్నది. ఒక్కో గడిలో ఐదే చోట్లు. కంచరపాలెం రాసిన ప్రతిచోటా ఒక సినిమా బయటికి పోయింది. ఆ పోయినదాని పేరు పక్కన పెన్సిల్‌తో రాయండి. రాశాక కూడా చెయ్యి వణక్కపోతే ఉంచండి.

'దర్శకుడి తొలి సినిమా'తో మొదలుపెడదాం, అది తేలిక. వెంకటేశ్ మహాకి ఇది మొదటి సినిమా, 2018 సెప్టెంబరులో వచ్చింది. అదే గడిలో రామ్‌గోపాల్ వర్మ 'శివ' (1989), క్రిష్ 'గమ్యం' (2008), తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' (2016) ఉంటాయి. వాటి సరసన కంచరపాలెం నిలబడుతుంది. ఉంచండి, వాదన అక్కర్లేదు.

'కొత్త నటులు' గడి ఈ సినిమా సొంత ఇల్లు లాంటిది. తెర మీద కనిపించేవాళ్లలో ఎక్కువమంది వైజాగ్‌లోని ఆ కంచరపాలెం పేటవాళ్లే. అంతకుముందు కెమెరా ముందు నిలబడినవాళ్లు కారు. సలీమాగా చేసిన ప్రవీణ పరుచూరి ఈ సినిమాకి నిర్మాత కూడా, వృత్తికి డాక్టరు. మలయాళంలో 'అంగమలి డైరీస్' (2017) ఇలాగే ఒక ఊరినీ బోలెడుమంది కొత్తవాళ్లనీ పట్టుకుని తీశారు. 1948లో ఇటలీలో 'బైసికిల్ థీవ్స్' తీసినప్పుడు దర్శకుడు డిసికా ఒక ఫ్యాక్టరీ కార్మికుణ్ణి తెచ్చి నాయకుణ్ణి చేశాడు. కొత్తవాళ్లని పెట్టడం గొప్ప కాదు, వాళ్ల చేత నటిస్తున్నట్టు తెలియకుండా నటింపజేయడం కష్టం. రాజుగా చేసిన సుబ్బారావుగారిని చూడండి. నలభై తొమ్మిదేళ్ల అటెండరు, పెళ్లికాని మనిషి, ఊరంతా ఆ మాటే అడుగుతుంటే నవ్వి ఊరుకుంటాడు. ఒక పేరున్న నటుడు ఆ పాత్ర వేసి ఉంటే ఆ నవ్వు వెనక దాచుకున్న దిగులు మనకి కనిపించేలా ఏదో ఒకటి చేసేవాడు. ఈయన ఏమీ చెయ్యడు. రోజూ ఆఫీసుల్లో ఫైళ్లు మోసే మనుషులు ఎలా ఊరుకుంటారో అలాగే ఊరుకుంటాడు. ఈ గడిలో మొదటి చోటు ఇవ్వండి. మీ బావగారు కూడా ఒప్పుకుంటారు.

ఇక 'ప్రేమకథ'. ఇక్కడ మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. ఏ జంట కోసం రాశారు? ఈ సినిమాలో జంటలు నాలుగు. బడిలో చదివే సుందరం, సునీత. జోసెఫ్, భార్గవి. గడ్డం, సలీమా. రాజు, రాధ. 'మొత్తం సినిమా' అంటే కుదరదు, ప్రేమకథల గడిలో పోటీకి వచ్చే సినిమాలన్నీ ఒక్క జంటనే మోసుకొస్తాయి. నేనైతే గడ్డం, సలీమాల కోసం రాస్తాను. గడ్డం మందు దుకాణంలో పనిచేసే కుర్రాడు. సలీమా ముసుగు వేసుకుని వచ్చి, సీసా కొనుక్కుని వెళ్లిపోతుంది. అతనికి కనిపించేవి ఆమె కళ్లు మాత్రమే. ముఖం తెలియదు, చేసే పని తెలియదు, మతం తెలిసినా పట్టించుకోడు. మన సినిమాల్లో హీరోయిన్ని మొదటిసారి చూపించేటప్పుడు కాలి పట్టీ దగ్గర మొదలుపెట్టి జడ దాకా కెమెరా ఎక్కిస్తారు. ఇక్కడ రెండు కళ్లే ఇచ్చి, మిగతాది మమ్మల్ని ఊహించుకోమన్నారు. ఊహించుకున్నాం కూడా. గల్లాపెట్టె దగ్గర డబ్బులు పుచ్చుకునే ఆ కాసేపట్లో ఆ కుర్రాడి ముఖం చూడండి, రేపు రాత్రి ఎప్పుడవుతుందా అన్నట్టుంటుంది. ఆ ఒక్క జంటతో ఈ సినిమా ప్రేమకథల గడిలో నిలుస్తుంది. మీకు వేరే జంట నచ్చితే ఆ పేరు రాయండి గానీ, ఒక జంట పేరు మాత్రం రాయండి.

'వైజాగ్ సినిమా' దగ్గరే అసలు పేచీ వస్తుంది. మీ బావగారు ఇక్కడ 'మరోచరిత్ర' పేరు చెప్పి మీ నోరు నొక్కేస్తారు. 1978లో బాలచందర్ నలుపు తెలుపులో తీసిన సినిమా. కమల్‌హాసన్ తమిళం మాట్లాడే బాలు, సరిత తెలుగు మాట్లాడే స్వప్న. వైజాగ్‌లో పక్కపక్క ఇళ్లు. భీమిలి ఒడ్డున తిరిగిన ఆ జంటను చూసి ఎంతమంది ఆ ఇసుకలో పేర్లు రాసుకున్నారో లెక్క లేదు. మన ఊరు సినిమాలో ఇంత అందంగా ఉంటుందా అని మనకే తెలిసింది అప్పుడు. తర్వాత 'ఘాజీ' (2017) వచ్చింది. 1971 డిసెంబరులో మన సముద్రంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి ఎక్కి దిగిన ప్రతి పిల్లాడికీ అది మన కథే. కానీ సినిమా చాలావరకు జలాంతర్గామి లోపలే నడుస్తుంది, ఊరు కనిపించేది తక్కువ. 'మజిలీ' (2019)లో ఊరు బాగానే కనిపిస్తుంది. దాన్ని కూడా ఈ గడిలో రాయండి, వివాదం లేదు.

మరోచరిత్రని లేపాలంటే మాత్రం గట్టి కారణం కావాలి. నాకు తోచింది ఇది. మరోచరిత్ర 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే' అయినప్పుడు కథ గోవాకి వెళ్లింది. తీసింది బాలచందరే, ఆడింది కూడా బ్రహ్మాండంగా. సముద్రం ఉంటే చాలు, ఊరు ఏదైనా ఫరవాలేదని తేలిపోయింది. కంచరపాలెం మెట్టు దగ్గర నిలబడితే సముద్రం కనిపించదు. ఊర్వశి జంక్షన్‌లో దిగి టూరిస్టులెవరూ ఫొటోలు తీసుకోరు. వైజాగ్ అంటే ఆర్కే బీచ్, కైలాసగిరి అనుకునేవాళ్లకి ఈ పేట పేరే తెలియదు. ఆ సందులు, ఆ గుమ్మాలు, ఆ మనుషులు తెర మీదికి రావడం ఈ సినిమాతోనే. "అయితే కంచరపాలెం కూడా తమిళంలోకి వెళ్లింది కదా" అని మీ బావ అడ్డుకోవచ్చు. వెళ్లింది నిజమే. కథ వెళ్లింది, పేట మనుషులు ఇక్కడే ఉండిపోయారు. నా ఓటు కంచరపాలేనికి మొదట, మరోచరిత్రకి ఆ వెంటనే. మీరు తిరగేసి రాసినా తగువులాడను. మరోచరిత్ర అసలే లేకుండా ఐదు పేర్లు రాస్తే మాత్రం మీ బావ వైపు నేనూ చేరతాను.

'మాటలు–యాస' గడిలో ఉంచండి. ఉత్తరాంధ్ర మాటని జోకర్ నోటికో, పనిమనిషి నోటికో పరిమితం చేసిన సినిమాలు చూసి చూసి విసుగెత్తాం. ఇందులో ప్రేమించేవాడూ ఏడ్చేవాడూ అదే యాసలో మాట్లాడతారు. 'పలాస 1978'ని పక్కన రాస్తే గడికి నిండుదనం వస్తుంది.

'మంచి మలుపు' గడిలోంచి తీసెయ్యండి. ఇది సలహా కాదు, బతిమాలుకోవడం అనుకోండి. మీ జట్టులో ఈ సినిమా చూడనివాళ్లు ఒక్కరైనా ఉంటారు. మలుపున్న సినిమాల కింద పేరు చూడగానే, వాళ్లు మొదటి సీను నుంచీ ఆరా తీస్తూ కూర్చుంటారు. నాలుగు కథలనీ హాయిగా నాలుగు కథలుగా చూసే అదృష్టం వాళ్లకి పోతుంది. వేరే గడులు సినిమాని పొగుడుతాయి, ఈ గడి సినిమా జేబు కొట్టేస్తుంది. 2018లో వచ్చిన సినిమా కదా అని నేను ఇక్కడ ఇంతమాత్రం అన్నాను. అంతకు మించి చెప్పను. 'ఎక్కువ కథలున్న సినిమా' గడిలో మాత్రం ఉంచండి. పక్కనే క్రిష్ 'వేదం' (2010), ప్రవీణ్ సత్తారు 'చందమామ కథలు' (2014) ఉంటాయి. వేదంలో వేర్వేరు దారుల్లో వచ్చిన మనుషులు ఆసుపత్రిలో కలుస్తారు. కంచరపాలెంలో కలిసే తీరు వేరు. చూసినవాళ్లు మీ షీటు చదివి తమలో తాము నవ్వుకుంటారు, చూడనివాళ్లకి నష్టం లేదు.

'సంగీతం' దగ్గర కొంచెం ఆగాలి. ఒకే సినిమా చాలా విభాగాల్లో నెగ్గడం కొత్తేమీ కాదు. 'శంకరాభరణం'కి నాలుగు జాతీయ అవార్డులొచ్చాయి. చక్కని వినోదం అందించిన ప్రజాదరణ చిత్రంగా ఒకటి, మిగతావి కె.వి.మహదేవన్‌కి, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీజయరామ్‌కి. 'ఆర్ఆర్ఆర్'కి ఆరు వచ్చాయి. ప్రజాదరణ చిత్రం అవార్డు పోను మిగతా ఐదూ ఐదుగురి పనికి: నేపథ్య సంగీతం, గాయకుడు, నృత్యాలు, పోరాటాలు, స్పెషల్ ఎఫెక్ట్స్. ఒక సినిమాకి నాలుగో ఆరో అవార్డులంటే ఒకే మాట అన్నిసార్లు చెప్పడం కాదు, అన్ని పనుల్ని విడివిడిగా మెచ్చుకోవడం. ఆస్కార్ దగ్గర ఏమైంది? మన దేశం తరఫున అధికారికంగా వెళ్లింది గుజరాతీ 'ఛెల్లో షో'. ఆర్ఆర్ఆర్‌వాళ్లు సొంతంగా చాలా విభాగాల్లో పోటీకి దించారు. చివరికి నిలిచింది ఒక్క పాట, 'నాటు నాటు'. 2023లో ఆ ఒక్కటీ గెలుచుకొచ్చింది. అన్నింట్లో పేరుందని కాదు, పాటలో గట్టిగా ఉందని.

మీరు కూడా ప్రతి గడి పక్కన ఒక మనిషి పేరో, ఒక సీనో రాసి చూడండి. సంగీతం గడి పక్కన ఏం రాస్తారు? 'ఆశాపాశం' అంటారు. స్వీకార్ అగస్తి బాణీ, అనురాగ్ కులకర్ణి గొంతు, కాదనలేం. అర్ధరాత్రి బాల్కనీలో కూర్చుని వినాల్సిన పాట. అయినా అది ఒక్క పాట. సంగీతం గడిలో ఐదు చోట్లకి శంకరాభరణం దగ్గర మొదలుపెడితే వరస ఎక్కడిదాకా వెళుతుందో మీకు తెలుసు. తీసెయ్యండి. 'కామెడీ' కూడా తీసెయ్యండి. నవ్వించిన సీన్లు ఉన్నాయి గానీ జంధ్యాల, వంశీ ఉన్న భాషలో ఆ గడిలోకి రావాలంటే నవ్వు ఒక్కటే పనిగా పెట్టుకుని ఉండాలి. 'కుటుంబం', 'సమాజం' రెండింట్లో ఒకటి ఎంచుకోండి. నేనైతే సమాజంలో ఉంచుతాను, ఎందుకంటే ఆ ప్రేమలకి అడ్డంపడేవి వయసు, మతం, పరువు. ఏదీ ఇంట్లో పుట్టింది కాదు, వీధిలోంచి ఇంట్లోకి వచ్చినవే. థ్రిల్లర్‌కి దారి లేదు, వెతకకండి.

'నడివయసు ప్రేమ' గడి గురించి ఒక మాట. సినిమా చూసి గడి కత్తిరిస్తే అందులో ఆ సినిమాయే పడుతుంది, గెలిచినట్టు కాదు. ఇంకో ముగ్గురైనా పోటీకి రాగలిగితేనే గడి. రాజు, రాధల కోసం పెట్టాలనుకుంటే హిందీ 'లంచ్‌బాక్స్' (2013)ని, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఇర్ఫాన్‌ఖాన్‌ని ఎదురుగా కూర్చోబెట్టండి. తనికెళ్ల భరణి 'మిథునం' (2012) తెద్దామంటే వాళ్లు వయసైపోయిన మొగుడూ పెళ్లాలు, అది వేరే ప్రేమ. మన రాధ ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు, రాజు ఆమె దగ్గర పనిచేసే అటెండరు, ఆమెకి ఇరవయ్యేళ్ల కూతురు. ఈ పోటీలో గెలిస్తే నిజంగా గెలిచినట్టే. కానీ నాకు లంచ్‌బాక్స్ భయం ఉంది.

మొత్తం లెక్క చూస్తే పదకొండు గడుల్లో ఏడు నిలుస్తాయి. బావగారు మళ్లీ అదే మాటంటే, షీటు చేతికిచ్చి పెన్సిల్‌తో రాసిన పేర్లు చూపించండి. వీటన్నిటినీ చూశాకే కాదన్నానని చెప్పండి. ఆపైన ఆయన వైజాగ్ గడిలో ఏమేం రాశారో అడగండి. మీ షీటు సంగతి అక్కడితో మర్చిపోతారు.

తమిళ రీమేక్ 'కేరాఫ్ కాదల్' 2021లో వచ్చింది. అది వేరే దర్శకుడి సినిమా, వేరే సినిమాగానే లెక్కపెట్టాలి. కానీ మీరు దాన్ని చూసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. చూడకుండా రాయకండి. ఆదివారానికి ఇంకా టైమ్ ఉంది కాబట్టి ఓ రాత్రి కూర్చుని చూసెయ్యండి. మన జోసెఫ్‌గా చేసిన కార్తీక్ రత్నం అందులోనూ ఉన్నాడు. నచ్చితే, ఆ సినిమాకంటూ సొంతంగా దక్కే గడి ఏదో చూసి రాయండి.